రేపు రమ్మనకు

జనవరి ఒకటో తేదీ ఆరాధన ముగిశాక మా సంఘంలో వాగ్దాన కార్డులు పంచుతారు. పళ్లెంలో బోర్లించి ఉంటాయి. చేతికి ఏది వస్తే అది ఆ ఏడాదికి మన వాక్యం. ఇంటికి తెచ్చి బీరువా తలుపుకు అంటిస్తాం. "యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" వచ్చినవాళ్లు మర్నాటి నుంచే కాస్త ఠీవిగా నడుస్తారు. ఓదార్పు వాక్యం వచ్చినవాళ్లు ఈ ఏడాది ఏం కష్టం రాబోతోందోనని లోలోపల బెంగపెట్టుకుంటారు. నాకు ఈ కార్డులంటే ఇష్టమే, ఎగతాళి చేయడం లేదు. కానీ లేవీయకాండము 19:13 అచ్చు వేసిన కార్డు మాత్రం నా కంట పడలేదు: "కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు." అది వాగ్దానం కాదు, ఆజ్ఞ, కార్డు మీద ఎందుకు వేస్తారు అంటాడు మా మరిది. అతని మాట సబబే. అయినా నా రోజువారీ బతుక్కి బైబిలంతటిలో ఇంత సూటిగా తగిలే వాక్యం మరొకటి లేదు, ఎందుకంటే నేను లేసు ఏజెంటును.

తెలియనివాళ్ల కోసం ఈ పని సంగతి కాస్త చెప్పాలి. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఏ ఊరికి వెళ్లినా మధ్యాహ్నం వంట పని తెమిలాక అరుగు మీద కూర్చుని లేసు కుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. కొక్కెం ఉన్న సన్నని సూది, తెల్ల దారం, అంతే సరంజామా. ఈ విద్య పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా ఇక్కడి స్త్రీలకు అబ్బింది. 1836లో బౌడెన్, బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుంచి వచ్చి ఈ గోదావరి డెల్టాలో సువార్త పని మొదలుపెట్టిన సంగతి మా వైపు సంఘాల్లో సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. సువార్త వెనకాలే సూదీ వచ్చిందనేవారు మా అత్తయ్య. ఇప్పుడు లేసు కుట్టేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ, అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గుర్తింపు సరుకుకు వచ్చింది, మంచిదే. కుట్టే మనిషి చేతికి డబ్బు ఎప్పుడు వస్తుందన్నది వేరే సంగతి.

ఎగుమతిదారు నాకు దారం, నమూనా ఇస్తాడు. నేను ఆ దారం తూచి ఇళ్లకు పంచుతాను. ఒకరు పువ్వులు కుడతారు, ఇంకొకరు వాటిని జతచేస్తారు. దాన్ని అతుకు పని అంటాం. పూర్తయిన టేబుల్ క్లాత్‌ను మళ్లీ తూచి, పువ్వులు లెక్కపెట్టి, మూటగట్టి అప్పగిస్తాను. మా వాళ్లు సగం మంది వశిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డున, సఖినేటిపల్లి వైపు ఉన్నారు. పంటు మీద, అంటే మనుషుల్నీ బళ్లనూ ఏరు దాటించే పడవ మీద, రాకపోకలు నాకు నిత్యకృత్యం. మోటారు సైకిళ్ల మధ్య ఒళ్లో మూట పెట్టుకుని నిలబడి ప్రార్థన చేసుకోవడం కూడా అలవాటైపోయింది. కళ్లు మాత్రం మూసుకోను, మూట మీద నీళ్లు చిందుతాయి.

పేచీ ఎక్కడంటే, సరుకు అప్పగించిన రోజున నాకు డబ్బు రాదు. సరుకు ఓడెక్కాలి, దేశం దాటాలి, అక్కడ కొన్నవాడు చూసి సరేననాలి, అప్పుడు ఇక్కడి పెద్దమనిషి ఖాతాలో పడాలి. నెలలు పడుతుంది. అందుకని ఈ వ్యాపారంలో వాడుకలో ఉన్న పద్ధతి ఒకటే: నాకు వచ్చినప్పుడు నీకు ఇస్తాను. దీన్ని మోసం అనడానికి లేదు, ఎవరూ అబద్ధమాడడం లేదు. పైనుంచి కిందికి ఒక్కొక్కరూ ఒక్కొక్క 'రేపు' దించుతారు. ఆఖరి రేపు అరుగు మీద కూర్చున్న ఆమె ఒళ్లో పడుతుంది. ఆమెకు దాన్ని దించుకోవడానికి కింద ఎవరూ ఉండరు, పిల్లలు తప్ప.

నా చిన్నప్పుడు ఊళ్లో ఇంటింటి గోడ మీదా 'ఓ స్త్రీ రేపు రా' అని రాశారు. రాత్రిళ్లు తలుపు తట్టే దెయ్యం అది చదివి వెనక్కి పోతుందట, మర్నాడు వచ్చినా అదే రాత కనిపిస్తుంది, మళ్లీ పోతుందట. మేము క్రైస్తవులం కాబట్టి మా గోడ మీద రాయలేదు. కానీ లేసు డబ్బు అడగడానికి వచ్చిన ఆడమనిషికి ఏజెంట్లు చెప్పేది అక్షరాలా అదే మాట, అందులో ప్రతి ఆదివారం పాటల పుస్తకం పట్టుకుని మందిరానికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. సామెతలు 3:28 ఈ మాటనే పట్టుకుని అడుగుతుంది: "ద్రవ్యము నీయొద్ద నుండగా రేపు ఇచ్చెదను పోయి రమ్మని నీ పొరుగువానితో అనవద్దు."

ఈ వాక్యంలో ఒక సందు ఉందని తెలివైనవాళ్లు వెంటనే గమనిస్తారు. 'ద్రవ్యము నీయొద్ద నుండగా' అన్నాడు కదా, నా దగ్గర లేనప్పుడు? మా స్త్రీల కూడికలో ఒక అక్క ఇదే అడిగారు, న్యాయమైన ప్రశ్నే. అయితే ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఆ సందు కూడా ఉండదు. "ఏనాటికూలి ఆ నాడియ్యవలెను," అంతే. సూర్యుడు అస్తమించక ముందు ఇవ్వాలి. దానికి చెప్పిన కారణం చూడండి: వాడు బీదవాడు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని ఉంటాడు. ఎంత ఇవ్వాలో అక్కడ ఒక్క అంకె లేదు. ఎప్పుడు ఇవ్వాలో మాత్రం గడియారం లేనివాడికి కూడా తెలిసేలా చెప్పాడు.

ఆశ పెట్టుకోవడం అంటే ఏమిటో ఇళ్లకు వెళ్లి కూర్చుంటే తెలుస్తుంది. గ్యాసు బండ అయిపోయి మూడో రోజు, పిల్లవాడి బస్సు పాసు, అమ్మగారి బీపీ మాత్రలు, వారం వడ్డీవాడు వచ్చే పూట. ఆమె ఆఖరి పువ్వు ముడి వేస్తున్నప్పుడే ఆ డబ్బు మనసులో ఖర్చయిపోయి ఉంటుంది. మనం ఇవ్వకపోతే ఆమె ఆ సాయంత్రం ఇంకొకరి ఇంటికి చేబదులుకు వెళ్లాలి. అక్కడ ఏం వినాల్సి వస్తుందో మనం చూడం. దేవుడు చూస్తాడని యాకోబు పత్రిక 5:4 అంటుంది: చేలు కోసిన పనివారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలే మొఱ్ఱపెడుతుందట. ధాన్యం కోతల కాలంలో ఈ వాక్యం మీద మా డెల్టాలో ఎన్ని ప్రసంగాలు వినిపించాలి! కోతల్లో మేము ఎక్కువగా వినేది విత్తువాని ఉపమానం, నూరంతలు.

మత్తయి 20వ అధ్యాయం, ద్రాక్షతోట పనివారి కథ, మా బోధకులకు ప్రాణం. పొద్దున వచ్చినవాడికీ సాయంత్రం ఐదింటికి వచ్చినవాడికీ ఒకే దేనారం, అంటే ఒక రోజు కూలి, అది కృప. నిజమే, కాదనను. నా కన్ను మాత్రం ఎనిమిదో వచనం దగ్గర ఆగిపోతుంది. సాయంకాలమైనప్పుడు యజమాని తన గృహనిర్వాహకుణ్ణి పిలిచి పనివారికి కూలి ఇవ్వమని చెబుతాడు. ఈ గృహనిర్వాహకుడి గురించి ఎవరూ మాట్లాడరు. అతనికి పేరు లేదు, సంభాషణ లేదు. తోట అతనిది కాదు, డబ్బు అతనిది కాదు, కానీ డబ్బు అతని చేతి మీదుగానే వెళ్తుంది. అతను ఏజెంటు. ఆ కథలో నేనెవరో నాకు వేరే చెప్పనక్కరలేదు. అతనికీ నాకూ తేడా ఒక్కటే: అతని యజమాని సాయంత్రమయ్యేసరికి డబ్బు సిద్ధం చేశాడు, నా యజమాని చేయడు.

కాబట్టి ఆ సాయంత్రపు డబ్బు నేనే ముందుగా సమకూర్చుకోవాలి. మా ఇంట్లో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది, దాని పేరు కూలి డబ్బా. డ్వాక్రా రుణంలో నా వాటాతో మొదలైంది, తర్వాత కొంత కమీషన్ మిగిల్చి కలిపాను. పిల్లల ఫీజుకైనా సరే, పెళ్లి చదివింపులకైనా సరే దాని మీద చెయ్యి వేయకూడదని కట్టుబాటు. ఆ డబ్బాలో ఎంత ఉంటే అంత కూలికి సరిపడా దారమే తెచ్చుకుంటాను, ఒక్క కట్ట ఎక్కువ తీసుకోను. సరుకు చేతికి రాగానే డబ్బు చేతిలో పెడతాను. పంటు తప్పిపోయి మర్నాడు వెళ్లాల్సి వస్తే ఫోనులో వేస్తాను. చాలామంది కోడళ్లకు, కొడుకులకు ఫోన్‌పే ఉంది. అయితే డబ్బు కొడుకు ఫోనుకు వెళ్తే కుట్టిన తల్లికి ఎంత చేరుతుందో చెప్పలేం, అందుకని నాకు నోట్లే ఇష్టం.

దీనివల్ల నష్టం లేదని చెబితే అది అబద్ధం. డ్వాక్రా వడ్డీ నా కమీషన్‌లో కొరుకుతుంది. క్రిస్మస్ ముందు విదేశాల నుంచి పెద్ద ఆర్డర్లు వచ్చినప్పుడు నేను వదులుకుంటాను, పక్క వీధి ఏజెంటు తీసుకుంటుంది. యంత్రం మీద చేసిన చవక లేసు బజారులోకి వచ్చాక అసలే గిరాకీ ఒడిదుడుకుల్లో ఉంది, వచ్చిన పని పోగొట్టుకోవడం ఎవరికీ బాగుండదు. సఖినేటిపల్లి వైపు ఒకామె మొహం మీదే అన్నారు: "నీ దగ్గర డబ్బు ఠంచనుగా వస్తుందమ్మా, పని మాత్రం ఠంచనుగా రాదు." అందుకని ఆమె ఇద్దరి దగ్గరా కుడుతుంది. పక్క వీధి డబ్బు సంక్రాంతికి, నా డబ్బు ఈ వారానికి. ఆమె లెక్క ఆమెది, నేనేమీ అనుకోను. మా ఆయన మాత్రం ఇలాగైతే వ్యాపారం పెరగదంటారు. పెరగదు. ఈ పద్ధతిలో నడిపితే దీవెనలు రెట్టింపవుతాయని సాక్ష్యం చెప్పమని ఒకసారి నన్ను అడిగారు కూడా. రెట్టింపేమీ కాలేదు, అలాంటి సాక్ష్యం నేను చెప్పలేను.

ఇంకో మాట. డబ్బు చేతిలో పెడుతూ వాక్యం చెప్పడం నాకు నచ్చదు. అది ఆమె కూలి, నా దయ కాదు. మా దగ్గర కుట్టేవాళ్లలో సగానికి పైగా హిందువులు, ఇద్దరు ముగ్గురు ముస్లిం ఆడపిల్లలు కూడా ఉన్నారు. ఒక పిన్నిగారు ఉండబట్టలేక అడిగారు, "అందరూ పండగకిస్తారు, నువ్వేమిటే వెంటనే ఇస్తావు?" అని. మా పుస్తకంలో అలా రాసి ఉంది పిన్నీ అన్నాను. "మా పుస్తకాల్లోనూ ఉండే ఉంటుందిలే, చదివేవాళ్లేరీ," అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు, మా పుస్తకం చదివేవాళ్ల సంగతి నాకు తెలుసు కనక.

త్రాసు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దొంగతనం చాలా తిన్నగా అక్కడికే వచ్చి కూర్చుంటుంది. దారం తూచి ఇస్తాం, లేసు తూచి తీసుకుంటాం. బరువు తగ్గితే దారం దాచుకుందని ఆమె కూలిలో కోస్తారు. ఇప్పుడందరి దగ్గరా ఎలక్ట్రానిక్ కాటాలే, అంకె ఎర్రగా కనబడుతుంది, కాటా అబద్ధం చెప్పదు. కానీ నూలు దారం చెమ్మ పీలుస్తుంది. శ్రావణ మాసంలో, గోదావరి నిండుగా పారుతూ గోడలకు కూడా తేమ పట్టిన రోజుల్లో తూచి ఇచ్చిన దారం, కార్తీకంలో ఎండ కాసే రోజున లేసుగా తిరిగొస్తే తక్కువే తూగుతుంది. పోయింది నీళ్లు, కోత పడేది కూలికి. అదే ఎండాకాలంలో ఇచ్చిన దారం వానల్లో తిరిగొస్తే ఎక్కువ తూగుతుంది, అప్పుడు ఆమెకు ఎవరూ అదనంగా ఇవ్వరు. ద్వితీయోపదేశకాండము 25:13 ఒకే సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉండకూడదంటుంది. రాయి ఒక్కటే ఉన్నా, ఒక ఋతువులో ఒక న్యాయం, ఇంకో ఋతువులో ఇంకో న్యాయం అయితే అవి రెండు రాళ్లే. నేను కొంత తేడాను చెమ్మ కింద వదిలేస్తాను, తగ్గినా పెరిగినా. అంతకు మించితే ఇద్దరం కూర్చుని పువ్వులు లెక్కపెడతాం.

దశమభాగం విషయంలో మా సంఘంలో అందరూ నిక్కచ్చిగా ఉంటారు, నేనూ ఉంటాను. మత్తయి 23:23లో యేసు ప్రభువు పుదీనా, సోపు, జీలకర్రల్లో పదోవంతు లెక్కగట్టే శాస్త్రులను తిడతాడు. వీటిని మానక, న్యాయం, కనికరం, విశ్వాసం కూడా చేయాల్సింది అంటాడు. పదోవంతు లెక్క సులువు, మిగిలిన తొమ్మిది వంతుల్లో ఎవరి కూలి ఉండిపోయిందో చూసుకోవడం కష్టం.

ఇది సంఘాలకూ వర్తిస్తుంది, ఇక్కడ కొంచెం గట్టిగానే చెబుతాను. మాకు దూరపు ఊళ్లో ఒక మందిరానికి స్లాబు వేశారు. ప్రతిష్ఠ పండుగ ఘనంగా జరిగింది, బిర్యానీ పెట్టారు, మైకులు, ప్రత్యేక ప్రసంగీకులు, దండలు. తాపీ మేస్త్రీకి, అతని కింద చేసినవాళ్లకు ఇవ్వాల్సినది మాత్రం కానుకలు వచ్చాక అన్నారు. ఆ మేస్త్రీ భార్య మా దగ్గర లేసు కుడుతుంది, అందుకే నాకు తెలిసింది. యిర్మీయా 22వ అధ్యాయం తెరవండి. యెహోయాకీము రాజు విశాలమైన మేడ కట్టుకుంటున్నాడు, దేవదారు పలకలు, ఎర్రటి ఇంగిలీకం రంగు, కిటికీలు. పనివాళ్లకు జీతం మాత్రం లేదు. అతని తండ్రి యోషీయా సంగతి గుర్తుచేసి, ఆయన దీనులకు, దరిద్రులకు న్యాయం జరిగించాడు, నన్ను తెలుసుకోవడం అంటే అదే కదా అని దేవుడు అడుగుతాడు. ఇంగిలీకం వాసన చూసినప్పుడల్లా కాకపోయినా, కొత్త రంగు వేసిన మందిరం కనిపించినప్పుడల్లా నాకు మేస్త్రీకి ఇచ్చారా అన్న సందేహం వస్తుంది. అంత మంచి అలవాటు కాదని తెలుసు.

ఇక ఈ మధ్య తేల్చాల్సి వచ్చిన సమస్య ఒకటి. బల్ల మీద పరిచే పొడుగాటి రన్నరు ఒకటి, నాలుగు వరుసల పువ్వులు, అతుకు పని కూడా పూర్తయిపోయింది. తీసుకుందామని వెళ్తే ఆమె చాప మీద పరిచి చూపించింది, మాట రావడం లేదు. ఒక మూల అంచును ఎలుక కొరికేసింది. రెండు పువ్వులు సగానికి పోయాయి, మూడోదాని రేకులు దారాలుగా వేలాడుతున్నాయి. పక్కనే ఎలుక లాక్కెళ్లిన దారపు పీచు కూడా చిన్న కవరులో దాచిపెట్టింది, నేను నమ్మనేమోనని. రేకుల పెట్టె మూత సరిగా పడదట, వానకు వంగిపోయింది. "డబ్బు కోసేసుకో అక్కా," అంది.

నిర్గమకాండము 22లో పది నుంచి పదమూడు వచనాలు సరిగ్గా దీని గురించే. ఒకరి పశువును కాపాడమని ఇంకొకరికి అప్పగిస్తే, అది దొంగిలించబడితే కాపరి నష్టం కట్టాలి. మృగం చీల్చితే ఆ చీలిన శరీరాన్ని సాక్ష్యంగా తెచ్చి చూపిస్తే చాలు, కట్టనక్కరలేదు. కవరులోని పీచు చూసి నాకు అదే గుర్తొచ్చింది. ఆమె సాక్ష్యం తెచ్చి ముందు పెట్టింది. కాబట్టి నాలుగు వరుసలకూ కూలి పూర్తిగా ఇచ్చేశాను. పోయిన మూల మళ్లీ కుట్టడానికి దారం తూచి ఇచ్చాను, ఆ మూడు పువ్వులకు విడిగా కూలి అన్నాను, ఎలుక తిన్నది నా పద్దులో రాసుకున్నాను. ఎగుమతిదారు ఈ లెక్క ఒప్పుకుంటాడని నాకు ఆశ లేదు.

ఇంటికి వచ్చి మా అత్తయ్యకు అధ్యాయం, వచనాలతో సహా వివరంగా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "అంతా బాగానే ఉంది గానీ, ఆ పిల్లకు ముందు మూత గట్టిగా పడే పెట్టె ఒకటి కొనివ్వు," అన్నారు. శనివారం సంతలో చూడాలి.